కాలేయానికి జబ్బు, ఎముకలకు ముప్పు

నడుం వంగిన ఆడవాళ్లను చూసి "వయసు మీద పడిందిలే" అని ఊరుకుంటాం. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గడం వల్లే ఎముకలు గుల్లబారతాయని 1940 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్ డాక్టరు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ చెప్పారు. 1942లో ఆ దేశంలో చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన హార్మోను మాత్రలు అమ్మకానికి వచ్చాయి.

కాని కాలేయం, అదే లివరు, చెడినవాళ్లకు డాక్టర్లు వాటిని వద్దనేవారు. మింగిన మాత్ర పేగుల్లోంచి ముందు లివరుకే చేరుతుంది కదా! చిత్రమేమిటంటే, ఎముకలు ఎక్కువగా గుల్లబారేదీ ఆ రోగులకే. లివరులోని పైత్యనాళాలు క్రమంగా పాడయ్యే జబ్బొకటుంది. అది వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే!

1986లో అమెరికాలో చర్మానికి అంటించుకునే హార్మోను పట్టీ వచ్చింది. అందులోని మందు ముందు లివరుకు పోకుండా తిన్నగా రక్తంలో కలుస్తుంది. 2000 తర్వాత, ఆ పైత్యనాళాల జబ్బున్న కొద్దిమంది స్త్రీలకు పట్టీలు వాడి చూస్తే ఎముకల అరుగుదల తగ్గింది, లివరు జబ్బు ముదిరినట్లు కనబడలేదు.

అలాగని మందుల షాపుకు పరుగెత్తకండి. రెండు హార్మోన్లు కలిపి వాడితే తుంటి విరగడం తగ్గినా, రొమ్ము క్యాన్సరు భయం పెరుగుతుందని 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన తేల్చింది. ఇప్పుడు ఎముకలకు వేరే మందులూ ఉన్నాయి. లివరు డాక్టరు దగ్గరకెళ్లినప్పుడు "నా ఎముకల సంగతేమిటండీ?" అని ఒక్కమాట అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!