చెంచు గొడ్డలికి ఇనుము ఎక్కడిది?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికగా చదవండి.

చెంచు అనగానే విల్లంబు, గొడ్డలి పట్టుకున్న మనిషి బొమ్మ గీస్తారు. ఆ బాణం ములికికి, ఆ గొడ్డలికి ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. మేము కూడా మొన్నమొన్నటి దాకా అడగలేదు.

1940లో హైమెండార్ఫ్ అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పెంటల్లో తిరిగాడు. ఆయన రాసిన ‘ది చెంచూస్’ 1943లో అచ్చయింది. అందులో ఉన్నదేమంటే, చెంచులు ఇనుము చెయ్యరు. అడవి సరుకు ఇచ్చి, గొడ్డళ్లు, ములుకులు, గడ్డలు తవ్వే కర్రకు వేసే ఇనుప మొన కింది ఊర్ల నుంచి తెచ్చుకుంటారు. సరే, కింది ఊరి కమ్మరికి ఇనుము ఎవరిచ్చారు? ఇప్పుడంటే పాత లారీ కమాన్ పట్టీ కొడితే గొడ్డలి అయితది. లారీ, రైలు రాకముందు?

అప్పుడు ఇనుము అడవి అంచున మట్టి కొలిమిలోంచి వచ్చేది. వాగుల్లో కొట్టుకొచ్చే నల్ల ఇసుకనో, ఎర్ర రాయినో దంచి, కడిగి, బొగ్గుతో కలిపి కొలిమిలో పోసేవాళ్లు. రెండు తోలు తిత్తులను ఒకదాని తర్వాత ఒకటి గంటల తరబడి తొక్కేవాళ్లు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. మట్టి కొలిమిలో అంత రాదు. 1200 దగ్గరికి వస్తే చాలు, రాయిలోని మలినం కరిగి చిట్టెంగా కారిపోతది, ఇనుము ముద్దలాగ అడుగున మిగులుతది. దాన్ని వేడి మీదనే సమ్మెటతో కొట్టి, మిగిలిన చిట్టెం పిండేసేవాళ్లు. ముద్ద తీసేవాళ్లు కాబట్టి తెలంగాణలో వాళ్లను ముద్ద కమ్మరి అన్నారు. ఇక బొగ్గు సంగతి వేరే చెప్పాలి. ఒక పాలు బొగ్గుకు నాలుగైదు పాళ్ల కట్టె కాలాలి. రాయి దొరికిన చోటికి కాదు, కట్టె ఉన్న చోటికే కొలిమి పోయేది.

మన రాష్ట్రంలో దీనికి పేరు మోసిన ఊరు కోనసముద్రం, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది (మండలం పేరు చూశారా!). ఇనుప ముద్దలను చిన్న మట్టి మూసల్లో పెట్టి, మూతి మెత్తి, ఒక రోజంతా కాల్చి ఉక్కు చేసేవాళ్లు. 1820ల మొదట్లో వాయిసీ అనే సర్వే డాక్టర్ అక్కడికి పోయి ఇదంతా చూసి రాసుకున్నాడు. పర్షియాలోని ఇస్పహాన్ నుంచి వర్తకులు వచ్చి, దగ్గరుండి తూకం వేయించుకుని కొనుక్కుపోతుండ్రని కూడా రాశాడు. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, టావెర్నియర్ డమాస్కస్ కత్తుల ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే పోతదని రాశాడు. 1795లో లండన్‌లో జార్జ్ పియర్సన్ ఈ ఉక్కు మీద పరిశోధన వ్యాసం చదివాడు. ఫారడే కూడా దీని రహస్యం కనుక్కుందామని కొన్నేళ్లు తంటాలు పడ్డాడు. వాళ్లు దీన్ని ‘వూట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ అనే మాటే అట్ల వంకర తిరిగిందంటారు. కత్తికి మాత్రం దాన్ని అమ్మిన ఊరి పేరు దక్కింది. తిత్తి తొక్కినవాళ్ల పేరు ఎక్కడా లేదు.

పుస్తకాల్లో లేనిది కథల్లో ఉంది. ఛోటానాగ్‌పూర్ ముండాలు చెప్పుకునే అసురుల కథ మనం తెలుసుకోవాలి. అసురులు రాత్రింబవళ్లు ఇనుము కరిగిస్తుంటే ఆ సెగకు ఆకాశంలోని సింగ్‌బోంగాకు ఊపిరాడలేదు. ఆపమని పక్షులను రాయబారం పంపిస్తే అసురులు అవమానించి తరిమేశారు. అప్పుడు ఆయన ఒళ్లంతా పుండ్లున్న పిల్లవాడి వేషంలో వచ్చి, ఒక ముసలి జంట దగ్గర చేరాడు. అసురుల కొలుములు చెడిపోయినయి. నరబలి కావాలని చెప్పి, తానే కొలిమిలోకి దూకి, బంగారంతో, మెరిసే ఒంటితో బయటికొచ్చాడు. ఆశపడి అసుర మగవాళ్లంతా లోపలికి పోయారు. తిత్తులు తొక్కింది వాళ్ల ఆడవాళ్లే. లోపలి నుంచి ఒక్కడూ రాలేదు. ఏడుస్తూ దేవుణ్ని పట్టుకున్న ఆ ఆడవాళ్లు గుట్టలకు, ఊటలకు దయ్యాలై మిగిలిపోయారు.

ఈ కథ చెప్పింది చచ్చినవాళ్లు కాదు, తర్వాత వచ్చినవాళ్లు. మన దిక్కు పెద్ద రాళ్ల సమాధులను రాకాసి గుళ్లు అంటారు కదా. దక్షిణాదిలో అట్లాంటి సమాధులు తవ్వితే ఇనుప కత్తులు, గొడ్డళ్లు, బాణం ములుకులు బయటపడ్డయి. ఆ సమాధులవాళ్లూ, అసురులూ ఒక్కటే అని మేము అనడం లేదు. కానీ ఇనుము తెలిసిన పాతవాళ్లను ఇక్కడా రాక్షసులు అన్నారు, అక్కడా రాక్షసులు అన్నారు. ఇది మాకు వింతగా తోచింది.

కొలుములు ఆరిపోవడానికి మాత్రం ఏ దేవుడూ రాలేదు. ఇంగ్లండ్ ఇనుము ఓడల్లో వచ్చింది, రైళ్లు దాన్ని లోపలి ఊర్ల దాకా మోసినయి. 1878 అటవీ చట్టంతో కంపెనీ వారసుల ఇలాకాలో కట్టె కొట్టి బొగ్గు కాల్చడం నేరమైంది. అడవి సర్కారుదైంది, కొలిమి దొంగదైంది. నిజాం ఇలాకాలో కూడా కోనసముద్రం మంట ఎక్కువ కాలం నిలవలేదు.

అసురులు ఈనాడు జార్ఖండ్‌లో పీవీటీజీ, ఇక్కడ మన చెంచులలాగనే. వాళ్లుండే నేతర్‌హాట్ గుట్టల్లో ఇప్పుడు బాక్సైట్ తవ్వుతున్నారు. మన దగ్గర 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి ఢిల్లీలోని అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం లేచిన తర్వాత ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆ గొడవలో ఒక మాట పదేపదే విన్నాం: ‘గుట్టలో ఏముందో అడవోళ్లకేం తెలుసు?’ రాయిలోంచి ఇనుము పిండింది అడవి అంచు మనుషులే అని అప్పుడు మాకు తెలిస్తే గట్టిగా జవాబిచ్చేవాళ్లం.

ఇప్పుడు పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో మీ తండా, పెంట, గూడెం చుట్టూ చిట్టెం ఉందేమో చూడండి. నల్లగా, బరువుగా, కారి గడ్డకట్టినట్టు బుడగలు బుడగలుగా ఉంటది. ట్రాక్టర్ పెట్టి చదును చేసిన చేన్లలో, రోడ్డుకు పోసిన మొరంలో కూడా కనబడొచ్చు. దొరికితే అక్కడి నుంచి తీయకండి, ఫొటో తీసి ఊరి పేరుతో పెట్టండి. ఇంట్లో తాత ఉంటే, వాళ్ల తాత గొడ్డలి ఏ ఊరి కమ్మరి దగ్గర చేయించుకున్నడో, దానికి బదులుగా ఏమిచ్చిండో అడిగి కామెంట్లో రాయండి.