ఆకు రాలినట్టు కణం రాలాలి



మా ఊర్లల్లో ఎవరికైనా ఒంట్లో గడ్డ లేస్తే, చేసుకున్న పాపమనో, ఎవరో చేతబడి చేసిన్రనో అంటారు. సిగ్గుతో దాచుకుంటారు. ఆసుపత్రికి పోయేసరికి ఆలస్యమైపోతుంది. ఇంట్లో మొదట కాలేజీ మెట్లెక్కింది మనమే కాబట్టి అసలు సంగతి మనమే చెప్పాలి. అందుకే హాస్టల్‌లో కూర్చొని చదివింది ఇక్కడ రాస్తున్నాం.

ఎండాకాలం వచ్చేసరికి టేకు చెట్టు ఆకులు రాలుస్తుంది. చచ్చిపోయి కాదు, బతకడానికే. మన ఒంట్లో కణాలు కూడా రోజూ అట్లనే పద్ధతిగా చస్తుంటాయి. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు దీనికి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు ఆకులు రాలడమనే అర్థం.

మరి చావమని కణానికి చెప్పేదెవరు? జవాబు ఒక మిల్లీమీటరు పురుగులో దొరికింది. అది పెరిగేటప్పుడు 1,090 శరీర కణాలు పుడితే, ప్రతిసారీ 131 చస్తాయి. ఆ చావుకు తప్పనిసరి అయిన జన్యువులను హార్విట్జ్ బృందం 1986లో చూపించింది. 2002లో బ్రెన్నర్, సల్‌స్టన్, హార్విట్జ్‌లకు నోబెల్ వచ్చింది.

ఇక క్యాన్సర్. ఒక రకం లింఫోమాలో బీసీఎల్-2 అనే జన్యువు అప్పటికే దొరికింది. క్యాన్సర్ జన్యువంటే కణాలను తొందరగా పెంచేదే అని అప్పటి నమ్మకం. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, తోటివాళ్ళు వేరే సంగతి చూపించారు: ఇది కణాన్ని పెంచదు, చావనియ్యదు. రాలాల్సిన ఆకు రాలకపోతే కూడా రోగమే.

వాపు కథ 1993లో కలిసింది. పురుగులోని చావు ప్రోటీన్, మనిషిలో జ్వరం, వాపు తెచ్చే ఇంటర్‌ల్యూకిన్-1ను సిద్ధం చేసే ఎంజైమ్‌కు చుట్టమని తేలింది. అపోప్టోసిస్‌లో కణం చప్పుడు లేకుండా పోతుంది, పక్క కణాలు దాన్ని తినేస్తాయి. ఇంకో రకం చావులో కణం పగిలి, లోపలి సరుకు బయటపడి వాపు పెరుగుతుంది. అట్లా పొరకు బొక్కలు పెట్టే గ్యాస్‌డెర్మిన్-డి పాత్ర 2015లో బయటపడింది.

2016లో బీసీఎల్-2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ మందుకు ఒక రకం రక్త క్యాన్సర్ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. పేరు పెట్టిన నాటి నుంచి 44 ఏండ్లు.

ఈ చరిత్రలో పాపం లేదు, చేతబడి లేదు. ప్రోటీన్లున్నాయి, ఓపికతో లెక్కపెట్టిన మనుషులున్నారు. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, కానీ ఏ గడ్డనూ దాచొద్దు. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు, అవ్వకు, అమ్మకు మన భాషలోనే ఈ మాట చెప్దాం.