రేవుల నుంచి వారధుల దాకా: కోనసీమ దారులు

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ సముద్రం దాకా ఉన్న నేల కోనసీమ. దాన్ని వైనతేయ పాయ మళ్ళీ చీల్చింది. ఇక్కడికి ఎటు నుంచి వచ్చినా ఏరు దాటాల్సిందే. అందుకే ఈ సీమ ప్రయాణ చరిత్రంతా ఏరు దాటిన చరిత్రే అంటాను.

మొదట్లో రేవులే దిక్కు. పడవ అందకపోతే గట్టు మీద పడిగాపులు. అలా అలసి వచ్చిన బాటసారులకే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా చూడకుండా అన్నం వండి పెట్టారు.

ధవళేశ్వరం దగ్గర ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది. అది నీళ్ళిచ్చిందని అందరూ అంటారు, దారి కూడా ఇచ్చిందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. కాటన్ తన కాలువల్ని పడవలు నడిచేలా తవ్వించాడు, నీటిమట్టం మారేచోట లాకులు పెట్టించాడు. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి ఊళ్ళలోకి పోతుంది. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అందరూ ఆ నీటి మీదే వెళ్ళారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. గన్నవరం దగ్గరైతే వైనతేయ మీదుగా కాలువనే దాటించారు. ఆ పాత అక్విడక్టు స్థానంలో వచ్చిన కొత్తదానికి సీతమ్మగారి పేరు పెట్టడం ఎంతో సముచితం.

దక్షిణ అమెరికాలోని గయానా తీరానిదీ ఇలాంటి బతుకే. పోటు వేళ సముద్రం కన్నా పల్లంగా ఉండే ఆ నేలను డచ్చివారు గట్లు, కాలువలతో సాగులోకి తెచ్చారు. అక్కడి చెరకు తోటలకు మద్రాసులో ఓడెక్కిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. అక్కడా జార్జ్‌టౌన్ దగ్గర డెమెరారా నదికి తేలే వంతెన 1978లో గానీ రాలేదు.

మన దగ్గర జాతీయ రహదారి సిద్ధాంతం దగ్గర వసిష్ఠను, జొన్నాడ దగ్గర గౌతమిని దాటుతుంది. ఆ రెండు వంతెనల మధ్య ఊరు రావులపాలెం. అమలాపురం రోడ్డు విడిపోయేది ఇక్కడే కాబట్టి కోనసీమకు ఇదే వాకిలి అయింది. లంకల అరటి గెలలు ఇక్కడి మార్కెట్‌లో లారీలెక్కి ఇతర రాష్ట్రాలకు పోతాయి. తరువాత దిండి–చించినాడ, ఎదుర్లంక–యానాం వారధులు వచ్చాయి. సఖినేటిపల్లి–నరసాపురం రేవులో మాత్రం నేటికీ పంటు పడవే.

రైలు సంగతి బాధాకరం. కాకినాడ–కోటిపల్లి పట్టాలను రెండో ప్రపంచ యుద్ధానికి పీక్కుపోయారు, 2004లో గానీ మళ్ళీ వేయలేదు. దాన్ని అమలాపురం మీదుగా నరసాపురం దాకా పొడిగించే పని 2000–01లో మంజూరైనా ఇంకా తెమలలేదు. ఇంత పంట పండించే సీమకు ఇది అన్యాయం.

జులై, ఆగస్టు వరద రోజుల్లో వచ్చేవారికి ఒక మాట. బయల్దేరే ముందు ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం కనుక్కోండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద పెరిగితే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. అప్పుడు లంకవాసులకు మళ్ళీ పడవే గతి. వాళ్ళకు శాశ్వత వంతెనలు కట్టాలి.