దింపుకోని ఒడ్డు

2022 జూన్ 10, శుక్రవారం. అప్పుడే తెల్లవారింది. పదకొండు అంతస్తుల ‘ఎంప్రెస్’ ఓడ పుదుచ్చేరికి ఎదురుగా, తీరానికి దూరంగా నిలబడి ఉంది. బుధవారం సాయంత్రం విశాఖలో ఎక్కిన కుటుంబాలు టిఫిన్లు ముగించుకుని తయారుగా ఉన్నాయి. పెద్దవాళ్ళకు టోపీలు, నల్లద్దాలు, పిల్లల భుజాలకు నీళ్ళ సీసాలు. రోజంతా ఏంచేయాలో అందరికీ కంఠతా వచ్చేసింది. బీచ్ రోడ్డులో నడక, మనకుళ వినాయకుడి దర్శనం, అరవింద ఆశ్రమం, వీలైతే ఆరోవిల్. ఆ తర్వాత మళ్ళీ ఓడెక్కాలి.

“ఏవండీ, పడవలేవీ రావడం లేదేంటి?”

“వస్తాయిలే. పర్మిషన్ ఇంకా రాలేదట.”

ఈ మాటలు ఫలానా వాళ్ళవని చెప్పలేం. కానీ ఆ ఉదయం డెక్ మీద ఎవరిని కదిపినా ఇంతకు మించి వేరే ముచ్చట ఉండే అవకాశం లేదు. పుదుచ్చేరి రేవుకు పెద్ద ఓడ ఆనేంత లోతు లేదు. ఓడ దూరంగా ఆగితే, చిన్న పడవలు వచ్చి జనాన్ని ఒడ్డుకు చేర్చాలి. ఆ పడవలు కదలాలంటే అక్కడి ప్రభుత్వం సరేననాలి. ప్రభుత్వం సరేననలేదు.

ఓడకంటే ముందే గొడవ తీరం చేరింది. జూన్ 4న చెన్నైలో ముఖ్యమంత్రి స్టాలిన్ పచ్చజెండా ఊపి ఈ నౌకను సాగనంపారు. పుదుచ్చేరిలో మాత్రం పార్టీలు ఒక్కొక్కటిగా అభ్యంతరం చెప్పాయి. ఓడలో క్యాసినో ఉంది, మద్యం ఉంది, ఊరి పరువు ఏం కావాలని అడిగాయి. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ఆ రోజుల్లో తెలంగాణకూ గవర్నర్‌గా ఉన్నారు. జూదం వంటివాటికి చోటివ్వబోమని ఆమె తేల్చేశారు. దానికితోడు ఈ ఓడ మీద అంతకుముందు ఏడాది అక్టోబరులో ముంబైలో మాదకద్రవ్యాల నిరోధక సంస్థ దాడి చేసింది. ఆ వార్తలను జనం ఇంకా మరిచిపోలేదు.

నడివయసు దాటిన ఓడ ఇది. ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో తయారైంది. రాయల్ కరీబియన్ కంపెనీ దీన్ని మూడు నాలుగు రాత్రుల పొట్టి ప్రయాణాలకే కట్టించింది. ఫ్లోరిడాలో బయలుదేరి బహమాస్‌లోని నాసోలో ఒక పగలు, కోకోకే దీవిలో ఒక పగలు ఆగి వెనక్కి రావడం దాని పని. కోకోకే ఊరు కాదు, కంపెనీ తన ప్రయాణికుల కోసమే నడుపుకునే దీవి. అక్కడ ఇసుకలో కూర్చున్నా కంపెనీ గొడుగు కిందే. ఒడ్డును కూడా ఓడవాళ్ళే చూసుకుంటారు కాబట్టి దిగొద్దని అనేవాళ్ళే ఉండరు.

సొంత దీవి దాటి బయటికెళితే కథ మారుతుంది. 2017 ఏప్రిల్‌లో ఇదే ఓడ ‘ఎంప్రెస్ ఆఫ్ ద సీస్’ పేరుతో క్యూబా రాజధాని హవానా వెళ్ళడం మొదలుపెట్టింది. పాతకాలపు రంగురంగుల కార్లలో షికార్లు, వీధుల్లో పాటలు, ఇళ్ళలోనే నడిచే చిన్న భోజనశాలలు. రెండేళ్ళు సాగింది. 2019 జూన్ 4న అమెరికా ప్రభుత్వం క్యూబాకు క్రూయిజ్ ఓడలు వెళ్ళరాదని ప్రకటించింది, మర్నాటి నుంచే అమలు. టికెట్లు కొన్నవాళ్ళకు వేరే రేవులు చూపించారు. హవానాలో కార్లు తోలేవాళ్ళూ, అన్నం వండేవాళ్ళూ రాని బేరం కోసం ఎదురుచూస్తూ మిగిలారు. అప్పుడు దారి మూసింది ఓడ బయలుదేరిన దేశం. ఇప్పుడు మూసింది చేరవలసిన ఊరు.

పుదుచ్చేరి నీళ్ళలో ఎదురుచూపు ఫలించలేదు. లంగరెత్తి ఓడ వెళ్ళిపోయింది. తర్వాతి మజిలీ చెన్నై. డబ్బు కట్టిన ‘ఒడ్డు మీద ఒక రోజు’ను డెక్ రెయిలింగ్ దగ్గర నిలబడి చూసిన తీరరేఖతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. లోపల ఈతకొలను, ఆటపాటలు, వేళకు భోజనం అన్నీ ఉన్నాయి. మరి జనం దిగాలుపడింది దేనికి? ఓడలో ఉన్నవేవీ ఊరు కాదు.

సముద్రం మొహం చూడని లేపాక్షిలో కూర్చుని ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. కరువు సీమలోని ఈ ఊరూ పూట అతిథుల ఊరే. సెలవొస్తే నూట ఇరవై కిలోమీటర్ల అవతలి బెంగళూరు నుంచి కార్లు, బస్సులు బారులు తీరతాయి. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో జనం వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూస్తారు. ఏడు పడగల నాగలింగం ముందు ఫొటో దిగుతారు. ఇరవయ్యేడు అడుగుల పొడవైన ఏకశిలా నందిని చుట్టి వస్తారు. మండపం పైకప్పు మీది చిత్రాలను తలెత్తి చూసేవాళ్ళు కొందరే. పొద్దు వాలేసరికి చాలా బండ్లు హైవే ఎక్కేస్తాయి. ఆ కాసేపట్లో అమ్ముడైన కొబ్బరికాయలు, టీలు, భోజనాలే ఊరికి దక్కేది. ఎంప్రెస్ వెనుదిరగడానికి మూడు నెలల ముందు, 2022 మార్చిలో, ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. ఇకముందు వచ్చేవాళ్ళు పెరుగుతారు. ఎంతసేపు ఉంటారన్నది వేరే లెక్క.

పుదుచ్చేరి చేసింది తప్పా ఒప్పా అని వాదించుకోవచ్చు. ఆ రోజు ఆటోవాళ్ళకూ, హోటళ్ళకూ బేరం పోయిన మాట నిజం. ఎవరు, ఏ షరతు మీద రావాలో చెప్పే హక్కు తీరానికి ఉందన్నదీ అంతే నిజం. సాధారణంగా టికెట్టు మీద రేవు పేరు వేసేముందు ఆ రేవు ఊళ్ళోవాళ్ళను ఎవరూ అడగరు. ఇక్కడ మాత్రం అడగని జవాబే ముందుగా వచ్చింది.

ఆ కుటుంబాలు ఓడెక్కిన విశాఖలోనే 2023 సెప్టెంబరు 4న 96.05 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను కేంద్రమంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. 2025 జులైలో ఎంప్రెస్ మళ్ళీ పుదుచ్చేరి ముందు ఆగింది. నిరసనలు ఈసారీ ఉన్నాయి. అయినా పడవలు కదిలాయి, జనం దిగారు, ఊరు చూశారు. అక్కడి రేవు లోతు పెరగలేదు, ఓడకు వయసు తగ్గలేదు. మారింది అనుమతి ఒక్కటే.

టెర్మినల్‌ను కాంట్రాక్టరు కడతాడు. దిగిన మనిషి నాలుగు గంటల్లో ఎక్కడ తింటాడు, ఎవరి ఆటో ఎక్కుతాడు, ఏం కొంటాడు, ఏం పారేస్తాడు అన్న లెక్క మాత్రం ఊరే వేసుకోవాలి. ఓడ వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాలి. బస్సు వచ్చే ఊరికైనా ఇదే మాట.