రజాయి మీద ఫ్రీ మోషన్ కుట్టు: మెషిన్‌కు ఏ ఫుట్ కొనాలి?

బొంతలు, రజాయిలు మన ఇళ్ళకు కొత్త కాదు. దూది ఏకి పరుపులు, రజాయిలు నింపడం దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పాత వృత్తి. దూది ఒకచోటికి జారిపోకుండా చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసేవాళ్ళు. ఇప్పుడు దూది షీటులా చుట్టలు చుట్టి అమ్ముతున్నారు. పైన ఒక బట్ట, మధ్యలో ఆ షీటు, కింద ఇంకో బట్ట పెట్టి, ఇంట్లో ఉన్న కుట్టు మెషిన్ మీదే పూలు, తీగలు, మెలికలు కుట్టొచ్చు. బట్టను రెండు చేతులతో మనకు కావాల్సిన వైపు తిప్పుకుంటూ కుట్టే ఈ పద్ధతే ఫ్రీ మోషన్ క్విల్టింగ్.

దీనికి ప్రత్యేకమైన ఫుట్ ఉండాలి. "అన్ని మెషిన్లకూ సరిపోతుంది" అనే మాట నమ్మి కొంటే, బిగించాక సూది ఫుట్‌కు తగిలి విరగొచ్చు. ఫుట్ చిన్న వస్తువే. కానీ సూది దెబ్బకు మెషిన్ టైమింగ్ పోతే మెకానిక్ ఖర్చు వేరు, ఆగిపోయిన ఆర్డర్లు వేరు. విరిగిన ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే డిజైన్ చూసి కాదు, ముందు మెషిన్ చూసి ఫుట్ ఎంచుకోవాలి.

మామూలు ఫుట్ ఎందుకు పనికిరాదు?

మామూలు ఫుట్ బట్టను గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. కింద ఉన్న పళ్ళు దాన్ని వెనక్కి లాగుతాయి. కుట్టు తిన్నగా పోవడానికి ఇది బాగుంటుంది. పక్కలకు, గుండ్రంగా తిప్పాలంటే మాత్రం బట్ట కదలదు.

మరి ఫుట్ పూర్తిగా తీసేస్తే? మెషిన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు అలాగే చేస్తారు కదా అనిపించొచ్చు. అక్కడ రింగు బట్టను బిగువుగా పట్టి ఉంచుతుంది. మందంగా ఉండే రజాయిని అలా రింగులో బిగించడం కష్టం. సూది పైకి లేచేటప్పుడు బట్ట కూడా దాంతోపాటు లేస్తే, కింది హుక్‌కు పై దారం అందదు. టాకాలు తప్పిపోతాయి. ఫ్రీ మోషన్ ఫుట్ పని ఇదే: సూది దిగినప్పుడు బట్టను ఆపడం, సూది లేచాక కదలనివ్వడం. వేలికీ సూదికీ మధ్య కాస్త అడ్డుగా కూడా ఉంటుంది.

మొదట కొలవాల్సింది షాంక్

ఫుట్‌ను బిగించే కడ్డీ భాగాన్ని షాంక్ అంటారు. ఫుట్ కిందికి దించి, ప్లేటు నుంచి ఫుట్ బిగించే స్క్రూ మధ్య వరకు స్కేలుతో కొలవండి. సుమారు ముప్పావు అంగుళం, అంటే 2 సెం.మీ. దగ్గర ఉంటే లో షాంక్. ఒక అంగుళం దాటి, అంగుళంపావు దగ్గర ఉంటే హై షాంక్.

ఇళ్ళల్లో కనిపించే ఉషా జనోమ్ జిగ్‌జాగ్ మెషిన్లు, సింగర్ ఇంటి మోడళ్ళు, పాత నల్ల మెషిన్లు చాలా వరకు లో షాంక్. క్విల్టింగ్ కోసం కొనే జూకీ టీఎల్ 2010క్యూ లాంటివి హై షాంక్. కొన్ని పాత సింగర్ మోడళ్ళలో సూది, షాంక్ ఏటవాలుగా ఉంటాయి. వాటికి ఆ రకం ఫుట్టే కావాలి. బెర్నినా మెషిన్లకు బిగింపే వేరు. అంచనాతో కొనకుండా మోడల్ నంబరు, కొలత రెండూ రాసుకుని షాపుకు వెళ్ళడం మంచిది.

క్లిప్‌లా పట్టే ఫుట్ ఉన్న మెషిన్ అయితే ఇంకో మాట. ఫ్రీ మోషన్ ఫుట్ సాధారణంగా స్క్రూతో నేరుగా కడ్డీకి బిగుస్తుంది. కాబట్టి పాత ఫుట్ ఒక్కటే కాదు, దాన్ని పట్టుకునే హోల్డర్ కూడా విప్పాలి.

ఏ రకం దేనికి?

స్ప్రింగ్ ఉన్న ఫుట్: దీన్నే డార్నింగ్ ఫుట్ అని కూడా అమ్ముతారు. ఇందులో పక్కకు వచ్చే చిన్న చెయ్యి సూది బిగించే స్క్రూ మీద ఆనాలి. సూది లేచినప్పుడు అది ఫుట్‌ను ఎత్తుతుంది. చెయ్యి స్క్రూ కిందికి పోయేలా బిగిస్తే ఫుట్ లేవదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది చాలు.

ముందు తెరిచి ఉన్న ఫుట్: సూది ఎక్కడ దిగుతుందో బాగా కనిపిస్తుంది. గీసిన గీత మీద కుట్టడానికి సుఖం. అయితే అతికించిన ముక్కల అంచులు, లేసులు ఉంటే ఆ తెరిచిన కొసలకు చిక్కుకోవచ్చు.

మూసి ఉన్న గుండ్రటి ఫుట్: చిక్కుకోదు. ముక్కలు అతికిన రజాయికి ఇదే మేలు. అడుగు పారదర్శక ప్లాస్టిక్‌తో వచ్చేవాటిలో చూపు కూడా అడ్డుపడదు. ప్లాస్టిక్ మీద గీతలు పడితే మాత్రం మార్చేయాలి.

రూలర్ ఫుట్: మందమైన అంచుతో, అర అంగుళం వెడల్పు గుండ్రంగా ఉంటుంది. స్కేలు ఆనించి కుడితే కుట్టు దానికి పావు అంగుళం దూరంలో పడుతుంది. లో షాంక్ మెషిన్లకు సాధారణంగా 3 మి.మీ., హై షాంక్‌కు 6 మి.మీ. మందం రూలర్లు వాడతారు. పల్చటి డార్నింగ్ ఫుట్‌కు రూలర్ ఆనించి కుట్టకండి. రూలర్ ఫుట్ కిందికి జారితే సూది నేరుగా దాని మీదే పడుతుంది.

బిగించాక చూడాల్సినవి

మోటారు వేయకముందే చేత్తో చక్రం నాలుగైదు సార్లు తిప్పండి. సూది ఫుట్ రంధ్రం మధ్యలోంచి దిగాలి. ఎక్కడ రాసుకున్నా ఆ ఫుట్ ఆ మెషిన్‌ది కాదనే అర్థం. మెషిన్ జిగ్‌జాగ్‌లో లేకుండా తిన్నటి కుట్టులో, సూది మధ్యలో ఉండాలి.

తర్వాత పళ్ళు దించాలి. దించే వీలు లేని పాత మెషిన్లకు పళ్ళను మూసే ప్లేటు దొరుకుతుంది. అదీ లేకపోతే టాకా పొడవు సున్నాకు పెట్టి ప్రయత్నించొచ్చు.

సూది పైన ఉన్నప్పుడు ఫుట్ రజాయికి కొద్దిగా తాకీ తాకనట్టు ఉండాలి. గట్టిగా నొక్కితే బట్ట తిరగదు. మరీ ఎత్తులో ఉంటే టాకాలు తప్పుతాయి. సూది కూడా మందానికి తగ్గట్టు, 90/14 సైజుతో మొదలుపెట్టొచ్చు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి: ఫుట్ దించే లివర్. ఈ ఫుట్ బట్టను నొక్కదు కాబట్టి లివర్ పైనే ఉండిపోయినా తేడా తెలియదు. లివర్ పైన ఉంటే పై దారానికి టెన్షన్ ఉండదు. బట్ట తిప్పి చూస్తే కింద దారం గూడు కట్టి ఉంటుంది. అలా జరిగితే ఫుట్‌ను తప్పు పట్టకముందు లివర్ చూడండి.

ఏది కొనాలి?

మొదటి రజాయికి మీ షాంక్‌కు సరిపోయే, మూసి ఉన్న స్ప్రింగ్ ఫుట్ ఒక్కటి చాలు. గీతల మీద పని ఎక్కువైతే తెరిచినది తీసుకోండి. రూలర్ ఫుట్ చేతికి వేగం అలవాటయ్యాకే. షాపులో మార్చి ఇస్తారో లేదో కొనేటప్పుడే అడిగి, బిల్లు దాచుకోండి. అసలు రజాయి ఎక్కించే ముందు అవే బట్టలు, అదే షీటుతో జానెడు ముక్క ఒకటి చేసి దాని మీద కుట్టి చూడండి.