వెయ్యి కాస్తా వెయ్యో వంతయింది

లాటిన్‌లో 'మిల్లె' అంటే వెయ్యి. రోకలిబండకు ఇంగ్లీషులో మిల్లిపీడ్ అనే పేరు అలాగే వచ్చింది, వెయ్యి కాళ్లదని. నిజానికి వెయ్యి దాటిన కాళ్లతో ఒక్కటే బయటపడింది. ఆస్ట్రేలియాలో గనుల కోసం వేసిన బోరులో దొరికిన ఆ జీవికి 1,306 కాళ్లున్నాయని 2021లో ప్రకటించారు. మిల్లె అంటే వెయ్యి అయితే మిల్లీమీటరంటే వెయ్యి మీటర్లు కావాలి. మీటరులో వెయ్యో వంతు ఎలా అయింది?

ఈ మెలిక ఫ్రెంచి విప్లవ కాలంలో పడింది. అప్పటి ఫ్రాన్స్‌లో ఊరికో కొలత. బట్ట కొలిచే 'ఓన్' ఒక పట్టణంలో ఒక పొడవు, పక్క పట్టణంలో మరో పొడవు. కొలతలన్నీ ఒకటి చేయమని 1789లో జనం గట్టిగానే అడిగారు.

పదుల లెక్కన కొత్త కొలతలు తయారయ్యాయి గానీ పేర్ల దగ్గర తర్జనభర్జన సాగింది. 1793లో ఇప్పటి కిలోగ్రాముకు 'గ్రావ్' అని పేరు పెట్టారు. ఇలా పరిమాణానికో పేరైతే ఎవరికి గుర్తుంటాయి? 1795 ఏప్రిల్ 7 నాటి చట్టం చిక్కు విప్పింది. మీటరు, గ్రాము, లీటరు లాంటి అసలు పేర్లు కొన్నే. మిగతా పని ముందు తగిలించే ముక్కది. పెంచాలంటే గ్రీకు నుంచి డెకా, హెక్టో, కిలో. తగ్గించాలంటే లాటిన్ నుంచి డెసి, సెంటి, మిల్లి. రెండు వైపులా అంకెలు అవే: 10, 100, 1000. గ్రీకైతే గుణించు, లాటినైతే భాగించు. అలా లాటిన్ వెయ్యి వెయ్యో వంతయింది.

జనం వెంటనే మెచ్చలేదు. 1812లో నెపోలియన్ పాత పేర్లను మళ్లీ వాడుకోనిచ్చాడు. 1840 నుంచి ఫ్రాన్స్‌లో మెట్రిక్ తప్పనిసరైంది. భాషల నియమం మాత్రం నిలవలేదు. 1873లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు చేర్చుకున్న మెగా, మైక్రో రెండూ గ్రీకువే, ఒకటి పెంచేది, ఒకటి తగ్గించేది.

మన దేశంలో 1956 చట్టంతో వీశెలు, సేర్లు పోయి మెట్రిక్ కొలతలు వచ్చాయి. పదునును బట్టి వానను అంచనా వేసే రైతు కూడా ఇప్పుడు ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతున్నాడు. ఒక్క మిల్లీమీటరు వానంటే చదరపు మీటరు నేల మీద సరిగ్గా లీటరు నీళ్లు. ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైమాటే.