ఆరు చుక్కల ఒడంబడిక

ఫ్రెంచివాళ్లు యానానికి ఏమిచ్చి వెళ్లారన్న మాట వచ్చినప్పుడల్లా నాకు లూయీ బ్రెయిలీ గుర్తొస్తాడు. చూపులేని ఆ యువకుడు 1829లో ప్రకటించిన ఆరు చుక్కల లిపి తెలుగులో స్థిరపడింది మాత్రం ఢిల్లీ చొరవతోనే.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో బ్రెయిలీ ఒకటి కాదు. ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు. ఒకచోట అచ్చయిన పుస్తకం మరోచోట వేలికి అందేది కాదు. 1949లో భారత ప్రభుత్వం ఈ చిక్కును యునెస్కో ముందు పెట్టింది. 1950లో పారిస్‌లో, 1951లో బేరూత్‌లో సమావేశాలు జరిగాయి. వాటి ఫలమే భారతీ బ్రెయిలీ. లిపి ఏదైనా ధ్వని ఒకటైతే చుక్కలూ ఒకటే. తెలుగు 'క'కు, తమిళ 'క'కు, హిందీ 'క'కు అవే ఒకటో చుక్క, మూడో చుక్క.

అప్పటికి యానాం ఇంకా ఫ్రెంచి ఏలుబడిలోనే ఉంది. 1954లో భారత పాలన కిందికి వచ్చాకే ఆ ఒడంబడికలో మనకూ పాలు దక్కింది.

తమిళం ఎక్కువగా వినిపించే పుదుచ్చేరి పాలనలో తెలుగువాళ్లం కొద్దిమందిమి. వేలికొసకు ఆ ఎక్కువ తక్కువలు తెలియవు. అయితే చుక్కలు సమానమైనంత మాత్రాన పుస్తకాలు సమానం కావు. చూపులేని మన పిల్లలందరి చేతికీ తెలుగు పుస్తకం అందేదాకా ఆ ఒడంబడిక సగమే అమలైనట్టు.